పెద్ద కుక్కకి ఎంత చోటు కావాలి?

ఇంట్లో ఉన్న పెద్ద కుక్కని ఇక చూసుకోలేకపోతున్నామని ఎవరితోనైనా అని చూడండి. వెంటనే వచ్చే సలహా ఒకటుంది: "ఎవరిదైనా ఫామ్‌హౌస్‌కి ఇచ్చెయ్యండి. బోలెడంత చోటు, హాయిగా పరిగెత్తుకుంటుంది." హైదరాబాదు వాళ్ళయితే మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు చెయ్యి చూపిస్తారు. గోదావరి జిల్లాల్లో అయితే కొబ్బరితోట, పామాయిల్ తోట, చేపల చెరువు గట్టు. చెప్పేవాళ్ళ మనసులో చెడు ఏమీ ఉండదు. పెద్ద కుక్క, పెద్ద చోటు. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. ఆ లెక్క తప్పని నాకు చాలాకాలంగా అనుమానం. మా పిన్నీ బాబాయిల ఇంటి కుక్కకి కొత్త ఇల్లు వెతికే పని నా చేతికొచ్చాక అది అనుమానంగా మిగల్లేదు.

కుక్క పేరు బ్రూనో. జర్మన్ షెపర్డ్, మగది. అప్పటికి వయసు 14 నెలలు, బరువు 34 కిలోలు. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, చదువుకని టెక్సాస్ వెళ్ళే ముందు రెండు నెలల పిల్లని తెచ్చి రాజమండ్రిలో అమ్మానాన్నల చేతుల్లో పెట్టి వెళ్ళాడు. తను లేని ఇంట్లో కాస్త సందడి ఉంటుందని, రాత్రిళ్ళు కాపలాగా ఉంటుందని. ప్రేమతో చేసిన పనే. మన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఉన్నాయి. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు ఉంటుంది. లోపల డెబ్బై దాటిన దంపతులు, వాళ్ళిద్దరి బలం కలిపినా ఆపలేని కుక్క.

ఒక పొద్దున వీధిలో ఏదో బైకు వెనకాల బ్రూనో ఒక్క ఉదుటున లంఘించాడు. గొలుసు చేతికి చుట్టుకుని నడుస్తున్న బాబాయి రోడ్డు మీద పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి ఆయన అడిగిన మొదటి మాట, "వాడికి అన్నం పెట్టారా?" అని. కానీ ఆ రోజు నుంచి వాడికి షికారు లేదు. వాడి లోకం కారుషెడ్డు అయిపోయింది. గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా, మెట్ల దగ్గర్నుంచి గేటు దాకా తిరగడం. ఆరేసిన చీరలు చింపాడు. తులసికోట చుట్టూ మట్టి తవ్విపోశాడు. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వస్తే గేటు ఊడిపోతుందేమోనన్నట్టు ఎగిరాడు. పిన్ని నాకు ఫోన్ చేసి ఏడ్చేసింది. "వీడు మునపటి వాడు కాడే, మారిపోయాడు" అంది.

వాడు మారలేదు, పెరిగాడు. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఒళ్ళు ముందు పెరిగి బుద్ధి తర్వాత కుదురుకుంటుంది. ఏడాదికల్లా నిండు కుక్కలా కనిపిస్తుంది. లోపల మాత్రం ఇంకా కుర్రతనమే, అది రెండేళ్ళ దాకా పోదు. న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ ఆషర్ బృందం గైడ్ డాగ్స్‌గా పెరుగుతున్న కుక్కపిల్లల్ని పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఐదు నెలల వయసులో చెప్పిన మాట విన్న పిల్లలే ఎనిమిది నెలలు వచ్చేసరికి పెంచినవాళ్ళ మాట పెడచెవిన పెట్టాయట. విచిత్రమేమిటంటే, అదే మాట కొత్తవాళ్ళు చెబితే విన్నాయి. ఏడాది దాటాక మళ్ళీ దారిన పడ్డాయి. అంటే ఎదిగే వయసులో మన పిల్లలు ఇంట్లో చూపించే మొండితనమే ఇది, కొన్నాళ్ళకి పోయేదే. ప్రపంచంలో చాలాచోట్ల కుక్కల్ని వదిలించుకునేది కూడా సరిగ్గా ఈ వయసులోనే అంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఇంకొన్నాళ్ళు గడిస్తే కుదురుకునే ప్రాణి, ఆ కొన్నాళ్ళు దాటించేవాళ్ళు లేక ఇల్లు పోగొట్టుకుంటుంది.

ఆ పరుగు, ఆ ఆత్రం ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి. మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి 1899లో ఒక ప్రదర్శనలో హోరాండ్ అనే గొర్రెల కుక్కని చూసి, కొనుక్కుని, దానితోనే ఈ జాతికి పునాది వేశాడు. జర్మనీ పల్లెల్లో గొర్రెల మందని మేపేది పంటచేల మధ్య సన్నని పచ్చికపట్టీల్లో. కంచెలుండవు. మంద పక్క చేలోకి దిగకుండా కుక్క ఆ హద్దు వెంట పొద్దున్నించి సాయంత్రం దాకా అటూ ఇటూ నడవాలి. దూరాన కాపరి ఉంటాడు, ఆయన చెయ్యి ఎటు ఊపితే అటు. ఈ కుక్క రక్తంలో ఉన్నది ఆ ఉద్యోగం. రాజమండ్రి కారుషెడ్డులో గేటుకీ మెట్లకీ మధ్య వాడు నడిచిన నడక కూడా అదే. హద్దుంది, మంద లేదు, కాపరి లేడు.

నన్నయ గారి భారతం ఆదిపర్వంలో తొలి కథల్లో ఒకటి కుక్కది కావడం నాకు ఈ మధ్య పదేపదే గుర్తొస్తోంది. జనమేజయుడు యాగం చేస్తున్నచోటికి సరమ అనే దేవశుని కొడుకు ఆడుకుంటూ వస్తాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి ఊరికే కొడతారు. సరమ తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారని నిలదీస్తుంది. అంత పెద్ద ఇతిహాసం ముఖద్వారంలోనే ఒక తల్లికుక్క న్యాయం అడుగుతూ నిలబడి ఉంది. బ్రూనో గురించి నాలుగు దిక్కుల నుంచీ ఫిర్యాదులు వింటున్నప్పుడు, వాడి తరఫున ఆ ప్రశ్న అడిగేవాళ్ళు ఎవరైనా ఉండాలి కదా అనిపించింది.

వాణ్ణి తీసుకుంటామని మొదట ముందుకొచ్చినవాళ్ళు తోట ఉన్నవాళ్ళే. దూరపు చుట్టాల ద్వారా వచ్చిన మాట. ఐదెకరాల మామిడితోట, చుట్టూ ప్రహరీ. పిన్ని ముఖం విప్పారింది. చూసి వస్తానని నేను వెళ్ళాను. తోట నిజంగా బాగుంది. గేటు దగ్గరి చెట్టుకి అప్పటికే ఒక లాబ్రడార్ కట్టేసి ఉంది. గొలుసు ఎంత పొడవుంటే అంత మేర నేల గడ్డి మొలవకుండా నున్నగా అరిగిపోయి ఉంది. ఐదెకరాల తోటలో దానికి దక్కింది ఆ గుండ్రటి నేల. యజమానులు నెలకోసారో రెండుసార్లో ఆదివారాలు వస్తారు. మిగతా రోజులు కాపలా ఉండే ఆయన పొద్దున ఒకసారి అన్నం కలిపి పెడతాడు. ఆయనేమీ చెడ్డమనిషి కాదు. "నాకు కుక్కలంటే బెరుకమ్మా, వదిలితే మళ్ళీ పట్టుకోలేను" అన్నాడు. నిజమే చెప్పాడు. కుక్కని ప్రేమించడం ఆయన జీతంలో లేదు. నన్ను చూసి ఆ లాబ్రడార్ ముందుకాళ్ళు గాల్లోకి లేపి, గొలుసు మెడకి బిగుసుకుంటున్నా లెక్కచెయ్యకుండా తోక ఊపింది. దాని దగ్గర కూర్చుని, చెవుల వెనక నిమిరి, బ్రూనో సంగతి ఎత్తకుండా వచ్చేశాను.

కుక్కల్ని అలా ఉంచకూడదని మనకి చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్. మరీ పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకి తగిన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా అందులో విడిగా రాసిన నేరమే. ఆ రోజుల్లోనే ఎవరో మహానుభావులు ఆలోచించి ఆ వాక్యం రాశారు. ఇక జరిమానా, మొదటి తప్పుకి పది నుంచి యాభై రూపాయలు. ఆ వాక్యం రాసినవాళ్ళ మనసుకీ ఆ అంకెకీ మధ్య ఉన్న దూరం చూస్తే బాధేస్తుంది.

తోట నుంచి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆలోచించాను. వదిలేసిన మైదానంలో కుక్క రోజంతా పరిగెత్తదు. కాసేపు తిరుగుతుంది, వాసన చూస్తుంది, తర్వాత వచ్చి గేటు దగ్గర పడుకుని మనిషి కోసం చూస్తుంది. ముఖ్యంగా ఈ జాతి. మనిషి చెయ్యి ఎటు ఊగుతుందో చూసుకుంటూ బతకడానికి పుట్టిన కుక్క ఇది. అలాంటప్పుడు ఎకరాలు లెక్కేసి ఏం ప్రయోజనం? వెతకాల్సింది రోజులో వాడికి చోటున్న మనిషిని. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట, మధ్యలో పని చేసుకుంటున్నా పక్కన కూర్చోనిచ్చే మనిషి. అలాంటి మనిషి రెండు గదుల ఇంట్లో ఉన్నా ఫరవాలేదు. ఇది అర్థమయ్యాక నేను అడిగే ప్రశ్నలు మారిపోయాయి. "మీకెంత స్థలం ఉంది?" అనడం మానేశాను. "పొద్దున ఎన్నింటికి లేస్తారు? లేచాక ఏం చేస్తారు? ఇంట్లో పగలు ఎవరుంటారు?" అని మొదలుపెట్టాను.

బాబాయి, నేను కూర్చుని బ్రూనో గురించి ఒక కాగితం రాశాం. ఏం తింటాడు, ఏ టీకాలు ఎప్పుడు వేయించాం, నట్టల మందు ఎప్పుడు పట్టాం, నిరుడు వచ్చిన పిడుదుల జ్వరం, దానికి వాడిన మందులు. ఇవన్నీ రాయడం తేలికే. రెండో సగం దగ్గర బాబాయి పెన్ను కింద పెట్టేశాడు. బైకుల వెంట పడతాడు. తిండిగిన్నె దగ్గరికి ఎవరైనా చెయ్యి తెస్తే గుర్రుమంటాడు. మీదికి ఎగిరి పలకరిస్తాడు, చిన్నపిల్లలు పడిపోతారు. దీపావళి టపాసులకి వణికిపోయి మంచం కింద దూరతాడు. ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు.

"ఇవన్నీ రాస్తే ఎవరు తీసుకుంటారమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"రాయకుండా ఇస్తే నెలలోగా వెనక్కి వస్తాడు బాబాయ్. వెనక్కి రాకపోతే ఇంకా ప్రమాదం, ఎక్కడికి పోయాడో మనకి తెలీదు" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే పెన్ను తీసుకుని కింద ఇంకో వాక్యం చేర్చాడు: సాయంత్రం ఏడింటికి వార్తలు వచ్చేటప్పుడు కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకోవడం అలవాటు. ఆ కాగితంలో అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదేనని తర్వాత తెలిసింది.

పిల్లనిచ్చే ఇంటి గురించి వాకబు చేసినట్టు వాకబు చేశాం. వచ్చినవాళ్ళలో చాలామంది వాడికోసం వచ్చినవాళ్ళు కారు. కాగితాలున్నాయా, క్రాసింగ్‌కి పనికొస్తాడా అని అడిగినవాళ్ళు ఎక్కువ. మగకుక్కని పెట్టుకుని, ఆడకుక్కల్ని తెప్పించి, పిల్లల్ని అమ్ముకోవడం ఒక వ్యాపారం. అందులో కుక్క బతుకంతా ఒక గూటిలో గడిచిపోతుంది. మా పశువైద్యురాలు ఇచ్చిన సలహా అక్కడ బాగా పనికొచ్చింది. వాడికి ఆపరేషన్ చేయించి మరీ ఇమ్మన్నారు. జర్మన్ షెపర్డ్‌కి ఏడాది నిండకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తే కీళ్ళ జబ్బులు పెరుగుతున్నాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2016లో ప్రచురించారు. కాబట్టి అంతవరకూ ఆగడమే మంచిదైంది, ఇప్పుడు ఏడాది దాటింది కాబట్టి ఇక ఆగక్కర్లేదు అన్నారు ఆవిడ. ఆపరేషన్ అయిందని చెప్పడం మొదలుపెట్టాక సగం ఫోన్లు ఆగిపోయాయి. మిగిలినవాళ్ళతో మాట్లాడడం సులువైంది.

కొందరికి కాపలా కావాలి. "బాగా కోపిష్టిగా ఉంటాడా?" అని అడిగేవాళ్ళు. కోపం ఉన్న కుక్క మంచి కాపలాకుక్క అనే నమ్మకం మనవాళ్ళలో ఎలా నాటుకుపోయిందో! మనుషులతో కలిసిమెలిసి, ధైర్యంగా పెరిగిన కుక్కే కొత్తవాణ్ణి సరిగ్గా గుర్తుపడుతుంది. కట్టేసి, భయపెట్టి పెంచినది పాలబ్బాయినీ దొంగనీ ఒకేలా చూస్తుంది. పోలీసులకి ఇచ్చెయ్యమని చెప్పినవాళ్ళూ ఉన్నారు. పోలీసు జాగిలాల్ని కొన్ని నెలల పిల్లలుగా ఎంచుకుని, ఒక్కో కుక్కకి ఒక సంరక్షకుణ్ణి జతచేసి శిక్షణ ఇస్తారు. ఇంట్లో పెరిగిన కుర్రకుక్కని అప్పజెప్పే చోటు కాదది. ఇక పెద్ద జాతి అనగానే జడుసుకున్నవాళ్ళు కొందరు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని పెంచకుండా చూడమని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, ఆ మరుసటి నెలే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అందులో జర్మన్ షెపర్డ్ లేనేలేదు. అయినా ఆ వార్త మిగిల్చిన భయం మాత్రం పెద్ద కుక్కలన్నిటికీ చుట్టుకుంది.

వెతుకుతున్నన్నాళ్ళూ వాణ్ణి అలాగే కారుషెడ్డులో ఉంచితే లాభం లేదు. వీధి చివర ఉండే డిగ్రీ చదివే కుర్రాడు పొద్దున్నే పరుగుకి వెళ్తాడు. అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. మెడపట్టీ బదులు ఛాతీకి వేసే పట్టీ కొన్నాం, లాగినా గొంతు నొక్కుకోదు. గోదావరి గట్టు వెంట, ఎండ పడకముందే తిప్పుకొచ్చేవాడు. రెండు పొరల బొచ్చున్న కుక్కకి మన వేసవిలో ఆరు గంటలు దాటాక పరుగంటే శిక్షే. వచ్చాక ఒళ్ళు చల్లారేదాకా ఆగి అప్పుడే తిండి, తిన్నాక మళ్ళీ పరుగులు పెట్టించకూడదు. లోతైన ఛాతీ ఉన్న ఈ జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడి ప్రాణం మీదికి వస్తుంది. ఈ జాగ్రత్త పిన్నికి ఎవరూ చెప్పలేదు, ఆవిడ విని గుండె పట్టుకుంది.

పరుగు కంటే బాగా పనిచేసినది ముక్కు. కుక్క ముక్కులో వాసన పసిగట్టే కణాలు 20 కోట్లకు పైగా ఉంటాయి. ఆ ముక్కుకి పని చెప్పడం మనకి తట్టదు. గిన్నెలో పోసే తిండిని పెరట్లో గడ్డిలో చల్లించాం. ఒక్కో గింజా వెతుక్కుని తినడానికి వాడికి పావుగంట పట్టేది. తిన్నాక ఒక నిట్టూర్పు విడిచి పడుకునేవాడు. పరుగు నుంచి వచ్చాక కూడా అంత నిమ్మళంగా పడుకోలేదు ఎప్పుడూ. బాబాయి అరుగు మీద కుర్చీలో కూర్చుని, బాగున్న చేత్తో పాత చొక్కా ముక్క ఎక్కడో దాచి వాణ్ణి వెతకమనేవాడు. ఇద్దరూ గంటలు గంటలు ఆడేవారు. ఇదంతా చూశాక పిన్ని, "ఇక ఇవ్వకుండా ఉంచుకుందామా?" అంది. నాకూ ఆశ పుట్టింది. కానీ ఆ కుర్రాడి చదువు ఏడాదిలో అయిపోతుంది. ఈ కుక్క ఇంకో పదేళ్ళు బతుకుతుంది. బాబాయి మణికట్టు అతుక్కుంది గానీ మోకాళ్ళు అతుక్కునేవి కావు. ఆ మాట ఆయనే అన్నాడు.

చివరికి రెండిళ్ళు మిగిలాయి. ఒకటి విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్. భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజామున సముద్రపొడ్డున నడిచేవాళ్ళు, అంతకుముందు ఇంకో పెద్ద కుక్కని చివరిదాకా సాకినవాళ్ళు. కుక్క పెద్దదైనంత మాత్రాన అసోసియేషన్లు వద్దనే హక్కు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిందని వాళ్ళకి తెలుసు. ఆ ఇంటికి నేను నిశ్చింతగా ఇచ్చేదాన్నే. కానీ కింద అంతస్తులో రోజూ పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. చక్రం కనిపిస్తే బ్రూనోకి ఒళ్ళు తెలీదు. వాళ్ళూ అది విని, "మా దగ్గర వాడికి రోజూ పరీక్షే అవుతుందండీ" అన్నారు. అంత మంచివాళ్ళని వదులుకోవడం కష్టమనిపించింది.

రెండోది కడియం దగ్గర నర్సరీ. అక్కడి మొక్కల తోటల సంగతి మన రాష్ట్రాల్లో తెలియనివాళ్ళుండరు. కడియపులంక దాకా రోడ్డుకి అటూ ఇటూ మైళ్ళ కొద్దీ పచ్చదనం. ఆ నర్సరీ నడిపే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. భర్త, ఇద్దరు పెద్దపిల్లలు, పదిమంది దాకా పనివాళ్ళు. ఇల్లు నర్సరీలోనే. చీకటి ఉండగానే లేచి వరసల మధ్య తిరగడం మొదలుపెడితే చీకటి పడేదాకా ఆవిడ పని అదే. ఏ మొక్కకి నీళ్ళు చాలలేదు, ఏ తొట్టి వాలిపోయింది అని ఈ చివర నుంచి ఆ చివరకి నడక. నేను వింటూ స్టెఫానిట్జ్ చూసిన ఆ గొర్రెల కుక్కనే తలుచుకున్నాను.

ఆవిడ అడిగిన ప్రశ్నలు వేరు. కాగితం చదివి తల ఎత్తి, "టపాసులు కాక ఇంకేమన్నా భయముందా? ఉరుములకి ఎలా ఉంటాడు?" అంది. "రాత్రి ఎక్కడ పడుకుంటాడు?" అంది. బాబాయి చేర్చిన వాక్యం దగ్గర వేలు పెట్టి, "మేమూ ఏడింటికి టీవీ ముందు కూర్చుంటాం, అప్పుడే భోజనం" అంది. అంతకు ముందు ఉన్న కుక్క వాళ్ళింట్లోనే ముసలిదై పోయిందట. రెండేళ్ళు ఇంకోదాన్ని తెచ్చుకోలేదట.

నా భయాలు నేను చెప్పాను. ముందు నుంచే 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. లారీ చక్రాలు వీడికి బైకు కంటే రుచి. ఇంటి వెనకవైపు ఇనపజల్లెడ కంచె వేయించాకే తీసుకుంటానంది, వేయించింది కూడా. ఇంకో భయం మొక్కలు. నర్సరీ అన్నాక గన్నేరు ఉంటుంది, సైకస్ ఉంటుంది. గన్నేరు ఆకు నమిలితే కుక్క గుండె ఆగుతుంది. సైకస్ గింజలు కాలేయాన్ని తినేస్తాయి. ఆ మాట అంటుండగానే ఆవిడ నవ్వి, "అవి మాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయండీ" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. పాత కుక్క ఉన్న రోజుల నుంచీ ఆ రెండూ కంచెకి అవతల వరసల్లోనే పెంచుతున్నారు. నత్తలకి వేసే మందు గుళికలు తాళంలో ఉంటాయి. అప్పుడు నాకు ఊపిరి తీసుకున్నట్టయింది.

ఒకేసారి అప్పజెప్పలేదు. ముందు ఆవిడా పెద్దకొడుకూ రాజమండ్రి వచ్చి, బ్రూనోతో ఒక పూట గడిపి, గట్టు మీద తిప్పుకొచ్చారు. తర్వాత మేం వాణ్ణి నర్సరీకి తీసుకెళ్ళి సాయంత్రానికి తెచ్చేశాం. ఆ తర్వాతే ఉంచి వచ్చాం. వాడి చాప ఉతక్కుండా ఇచ్చాం, పాత ఇంటి వాసన ఉండాలని. అదే తిండి, అదే వేళలు. మెడలో కొత్త బిళ్ళ, దాని మీద ఇద్దరి ఫోను నంబర్లు. ఆశ్రయాల్లో చేరిన కుక్కల రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మొదటి మూడు రోజులూ ఎక్కువగా ఉంటుందని 1997లోనే పరిశోధకులు కొలిచి చెప్పారు. ఆ రోజుల్లో కుక్క తినకపోవచ్చు, పడుకోకపోవచ్చు, సందు దొరికితే పారిపోవచ్చు. అందుకని కంచె లోపల కూడా కొన్ని వారాలు పొడవాటి తాడు విప్పవద్దని అనుకున్నాం. కెన్నెల్ క్లబ్ కాగితాలు ఆవిడ పేరుకి మార్చడానికి సంతకాలు పెట్టాం. మామూలు తెల్లకాగితం మీద ఒక ఒప్పందం కూడా రాసుకున్నాం. ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా వాణ్ణి ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మాకే తిరిగి ఇవ్వాలి. ఆవిడ చదివి, "ఇది లేకపోతే నేనే రాయమనేదాన్ని" అంది.

టెక్సాస్ నుంచి తమ్ముడు మాత్రం నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇస్తున్నామని ముందే చెప్పాం, ఒప్పుకున్నాడు. ఇచ్చేశాక తట్టుకోలేకపోయాడు. వాడి ఫోను నిండా బ్రూనో పిల్లప్పటి ఫోటోలు. వాడు వదిలి వెళ్ళినది చెవులు ఇంకా నిలబడని పిల్లని, మేం ఇచ్చినది నిండు కుక్కని. మధ్యలో పెరిగిన కాలం వాడికి దక్కలేదు. పరాయి దేశంలో చదువుకుంటూ, ఏ రాత్రో ఫోటోలు చూసుకునే కుర్రాడికి ఆ ఇల్లు మారకుండా అలాగే ఉండాలని ఉంటుంది. అమ్మా నాన్నా బ్రూనో, కారుషెడ్డు. అందులోంచి ఒకరు వెళ్ళిపోయారు. వాడి కోపం నాకు న్యాయంగానే తోచింది. నేనేమీ వాదించలేదు. నర్సరీ ఆవిడే తనంతట తాను వాడికి వీడియో కాల్ చేసింది. ఆ రోజు వాడు నాకు ఫోన్ చేసి, "అక్కా, నా గొంతు విని చెవులు నిక్కించాడు" అని చెప్పాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు.

కుక్కని ఇచ్చేసేవాళ్ళని మనం తొందరగా కఠినాత్ములంటాం. రాత్రిపూట కారులో తీసుకెళ్ళి హైవే పక్కన దించేసి వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి నాకు మృదువైన మాట ఒక్కటీ లేదు. కానీ బాబాయిలాంటివాళ్ళని వాళ్ళ పక్కన నిలబెట్టకూడదు. తన వల్ల కాదని తెలిశాక, అయ్యేవాళ్ళ కోసం ఓపిగ్గా వెతికి, ఉన్నదున్నట్టు చెప్పి, ఎంతో ఇష్టమైనదాన్ని చేజేతులా అప్పగించి వచ్చాడు ఆయన. ఆ రాత్రి భోజనం చెయ్యలేదని పిన్ని చెప్పింది.

కొత్తలో బ్రూనో నర్సరీలో ఒక వరస పూలకుండీలు పడగొట్టాడు. మట్టి దిగుమతి చేసే ట్రాక్టరు మీద పడి మొరిగాడు. గిన్నె దగ్గర గుర్రుమనడం ఆవిడ కొడుకు నెమ్మదిగా మాన్పించాడు. వాడు తింటున్నప్పుడు పక్కనుంచి వెళ్తూ ఒక కోడిముక్క గిన్నెలో వేసి పోవడం, అంతే. చక్రాల పిచ్చి ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున్నే ఆవిడతో వరసల వెంట తిరుగుతాడు. మధ్యాహ్నం నీడవల కింద తడినేల మీద పడుకుంటాడు. కొన్నాళ్ళు మీరు రావద్దు, వాణ్ణి అటూ ఇటూ కాకుండా చెయ్యకండి అని పశువైద్యురాలు చెబితే పిన్నీ బాబాయీ ఆగారు. వర్షాలు పడ్డాక వెళ్ళారు. వాడు ఇద్దరి మీదా ఎగరబోయి, ఆవిడ "కూర్చో" అంటే కూర్చున్నాడట. బాబాయికి అదొక్కటే పెద్ద విశేషం. "కూర్చున్నాడమ్మాయ్, ఒక్కసారి చెబితే కూర్చున్నాడు" అని నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో సాయంత్రాలు మరీ నిశ్శబ్దంగా ఉన్నాయంటోంది పిన్ని. వీధి చివర టీకొట్టు దగ్గర ఒక ముసలి ఊరకుక్క ఉంది, ఆడది, మెత్తనిది, మూతి నెరిసింది. ఎండాకాలం అంతా వీళ్ళ గేటు నీడలోనే పడుకుంది. దానికి టీకాలు వేయించి లోపలికి తెచ్చుకోమని నేను పోరుతున్నాను. అది పరిగెత్తదు, లాగదు, దానికి కావలసింది బాబాయి దగ్గర పుష్కలంగా ఉంది. ఆయనకి ఇష్టమే. పిన్ని మాత్రం, "సంక్రాంతికి పిల్లాడు వస్తున్నాడుగా, వాడు వచ్చి ముందు బ్రూనోని చూసుకోనీ. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అంటోంది. అలా అంటూనే రోజూ రాత్రి గేటు బయట ఒక గిన్నెలో పెరుగన్నం పెడుతోంది.